బొమ్మయెర లెక్క: స్వదేశమున చేసిన సరకు, విదేశమున చేయించిన సరకు

విద్యార్థులు అర్థశాస్త్రమను మాట విన్నప్పుడు ఇనుము, బొగ్గు, ప్రత్తి, పంచదార మొదలగు పెద్ద సరకులనే తలంచుచుందురు. అయితే ఆ శాస్త్రములోని ముఖ్యసూత్రములు చిన్న వస్తువులయందే తేటగా కనబడును. ఉక్కు కర్మాగారపు లెక్క తెలిసికొనుటకు ఏండ్లు పట్టవచ్చును. అఱచేతిలో ఇమిడెడు వస్తువు లెక్క ఒక పూటలో తెలిసికొనవచ్చును. ఇందుకొఱకే మేము ఈ వ్యాసమునకు చేపలను పట్టుటకు వాడెడు బొమ్మయెరను విషయముగా గ్రహించితిమి. దీనిని స్వదేశమున చేయుట లాభమా, లేక సముద్రమునకు ఆవలనున్న దేశమున చేయించి తెప్పించుట లాభమా అను ప్రశ్న అమెరికాలోను ఐరోపాలోను చాలకాలముగా నడచుచున్నది. ఆ ప్రశ్నకు వచ్చెడు జవాబుమీద అనేక కుటుంబముల జీవనము ఆధారపడియున్నది. కావున దానిని తొందరపడక, లెక్కవ్రాసి విచారింతము.

1. బొమ్మయెర యననేమి?

మన ఏటియొడ్డులందును చెఱువుగట్లమీదను గాలము వేయువారు వానపామునో, రొయ్యనో, పిండిముద్దనో గాలమునకు గ్రుచ్చి నీటిలో విడుతురు. ఇది సహజమైన ఎర. కాని కొరమీను, పండుగప్ప మొదలగు వేటచేపలు తమకు ఎదురుగా కదలుచున్న చిన్న చేపను చూచి దానిపైకి లంఘించును. కావున చిన్న చేపవలె కనబడి, చిన్న చేపవలె కదలెడు బొమ్మనొకటి చేసి, దానికి గాలములు తగిలించి నీటిలో లాగినచో అవి మోసపోవును. ఈ బొమ్మనే మేము బొమ్మయెర యనుచున్నాము. ఇంగ్లీషువారు దీనిని లూర్ అందురు.

బొమ్మయెరలలో ముఖ్యమైనవి నాలుగు జాతులు. మొదటిది లోహపు చెంచా. గుంటగానుండు ఈ చిన్న రేకు నీటిలో గిరగిర తిరుగుచు మెఱయును. అమెరికాలో వైట్‌హాల్ వాసియగు జూలియో బ్యూయెల్ 1852లో దీనికి పేటెంటు పొందెను. రెండవది ఈకలయీగ. ఈకలు, వెండ్రుకలు, దారములు చిన్న గాలమునకు చుట్టి దీనిని చేయుదురు. మూడవది కఱ్ఱచేప. మిషిగన్ రాష్ట్రమునందలి డోవాజియాక్ పట్టణములో జేమ్స్ హెడన్ అను నతడు 19వ శతాబ్దపు చివర కఱ్ఱతో కప్పలను చెక్కి ఈ పరిశ్రమకు దారితీసినవారిలో నొకడాయెను. ఇప్పుడు దీనిని గట్టి ప్లాస్టికుతో ఎక్కువగా చేయుచున్నారు. నాలుగవది మెత్తని ప్లాస్టికు పురుగు. ఒహైయో రాష్ట్రమునందలి ఆక్రన్ వాసియగు నిక్ క్రీమ్ 1949 ప్రాంతమున దీనిని కల్పించెను.

ఈ విద్య మన ప్రాంతమునకును బొత్తిగా క్రొత్తది కాదు. చెన్నపురి రాజధానిలో సివిలు ఉద్యోగియైయుండిన హెన్రీ సలివన్ థామస్ 1873లోనే గాలపువేటను గూర్చి "ది రాడ్ ఇన్ ఇండియా" అను గ్రంథమును ప్రకటించెను. ఆ కాలపు దొరలు వాడెడు సాధనములు ఇంగ్లండులో తయారైనవి. సూదులకును గాలములకును పేరొందిన రెడ్డిచ్ పట్టణము అచ్చటనే కలదు. ఆనాడు విదేశపు సరకనగా మనకు ఖరీదైన సరకు. ఈనాడు అమెరికా దుకాణములో విదేశపు ఎరయనగా తఱచుగా చౌకయెర. ఒకే మాటకు రెండు కాలములలో ఇట్లు రెండు అర్థములు కలుగుటకు కారణమేమి? దానిని తెలిసికొనుటయే ఈ పాఠము.

2. పనిలో చేతిభాగమెంత?

ఒక వస్తువును ఎచ్చట చేయించిన లాభమని అడుగుటకు ముందు, దానిని ఎట్లు చేయుదురో చూడవలయును. కఱ్ఱచేపనే తీసికొందము. ముందుగా తేలికకఱ్ఱను చేప ఆకారముగా కోయవలయును. ఇందుకు బాల్సా యను కఱ్ఱ శ్రేష్ఠము. అది ముఖ్యముగా దక్షిణ అమెరికాలోని ఈక్వడారు దేశమునుండి వచ్చును. మన జీలుగు బెండును, కొండపల్లి బొమ్మలకు వాడెడు తెల్లపొణికి కఱ్ఱను చూచినవారికి తేలికకఱ్ఱ గుణము సులభముగా తెలియును. బాల్సా వానివలెనే తేలికయైనది. ఒక ఘనమీటరు నీరు 1,000 కిలోగ్రాములు తూగగా అంత బాల్సా సామాన్యముగా 120 మొదలు 160 కిలోగ్రాములు మాత్రమే తూగును.

కోసిన కఱ్ఱను నునుపుచేసి, లోపల ఉక్కుతీగను పెట్టి, మూతిక్రింద చిన్న రేకును అమర్చుదురు. నీరు ఆ రేకునకు తగులుటచేతనే బొమ్మ అటునిటు ఊగును. తరువాత అడుగు రంగు, వెండిరేకు, వీపు రంగు, పొలుసుల గీతలు, కన్నులు, వార్నీషు పూతలు ఒకదానిమీద నొకటి వేయవలయును. ఒక్కొక్క పూత ఆఱువరకు వేచియుండవలయును. కడపట ఉంగరములను తెఱచి మూడు కొక్కెముల గాలములను తగిలించి, పెట్టెలో పెట్టవలయును. గట్టి ప్లాస్టికు చేపకైనను ఈ పనులలో చాలభాగము తప్పదు. అచ్చులో రెండు సగములు పోసి, లోపల గలగలలాడు ఉక్కుగుండ్లను వేసి అతికించుట యంత్రము చేయును. రంగు, కన్ను, గాలము మాత్రము చేతిని కోరును.

ఇప్పుడు నాలుగు వస్తువులను ప్రక్కప్రక్కన పెట్టి చూతము. ఈకలయీగకు అచ్చు లేదు, పెద్ద యంత్రము లేదు. అంతయు వ్రేళ్ల నేర్పే. కావున అది కూలి తక్కువగానున్న దేశములకు సులభముగా తరలిపోయెను. నేడు కెన్యా, శ్రీలంక, థాయిలాండు దేశములలోని స్త్రీపురుషులు చుట్టిన ఈకలయీగలతో అమెరికా, ఇంగ్లండు దేశస్థులు చేపలు పట్టుచున్నారు. గాలపు కొక్కెము దీనికి వ్యతిరేకమైనది. నార్వే దేశమునందలి మూస్తాద్ కర్మాగారములో మథియాస్ టోప్ అనునతడు 1877లో గాలములు చేయు యంత్రమును నిర్మించెను. తీగను కోయుట, వంచుట, ములుకు తీయుట యంత్రమే చేయుటవలన, చిన్న దేశమైన నార్వే ప్రపంచమంతటికి గాలములను అమ్మగలిగెను. మెత్తని పురుగును కఱిగిన ప్లాస్టికునుండి అచ్చులో పోయుదురు; దానికి రంగుల పూతలు లేవు, గాలము తగిలించుట లేదు. కావుననే జార్జియా రాష్ట్రమునందలి జూమ్ సంస్థయు, యమమోతో సంస్థయు మెత్తని పురుగులను అమెరికాలోనే చేయుచు వ్యాపారములో నిలిచియున్నవి. రంగుల కఱ్ఱచేప ఈ రెంటికి నడుమనున్నది. అందుచేతనే దాని విషయమున వివాదము ఎక్కువ.

దీనినుండి మొదటి సూత్రము తేలుచున్నది. కూలిభేదము వస్తువును ఎంతదూరము లాగునను విషయము, ఆ వస్తువులో చేతిపని యెంతభాగమను దానిపై నాధారపడియుండును. చేతిభాగము అల్పమైనచో, కూలి ఎక్కువైన దేశమునను పని నిలుచును.

3. ఫిన్లాండు జాలరి కథ

ఈ సూత్రము జీవితములో ఎట్లు నడచునో చూచుటకు రాపలా అను పేరుగల ఎర మంచి ఉదాహరణము. లౌరి రాపలా 1905లో ఫిన్లాండు దేశమున పుట్టెను. పాయన్నె యను పెద్ద సరస్సు తీరమున చేపలు పట్టి జీవించెడి పేదవాడు. పెద్దచేప గుంపులోని చిన్న చేపలన్నిటిని విడిచి, కొంచెము వంకరగా ఈదుచున్న దానినే పట్టుచుండుట అతడు గమనించెను. అట్టి వంకర నడకగల బొమ్మను చేసినచో దినదినము ఎరలను గ్రుచ్చు శ్రమ తప్పునని తలంచి, 1936లో కార్కుబెండును కత్తితో చెక్కి, గరుకుకాగితముతో రుద్ది మొదటి ఎరను చేసెను. వెండిపూతకు చాకొలెట్టుపై చుట్టు రేకును వాడెను. వార్నీషు కొనుటకు వీలులేక పాత ఫోటో ఫిలిమును కఱిగించి పైపూతగా పూసెను. తరువాతి కాలమున కార్కునకు బదులుగా బాల్సా వచ్చెను.

రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన పిమ్మట అతని కుమారులును ఈ పనిలో చేరిరి. చేసిన ప్రతి యెరను నీటిలో లాగి చూచి, సరిగా ఊగనిదానిని దిద్దిన తరువాతనే అమ్ముట వారి నియమము. 1952లో హెల్సింకి నగరమున ఒలింపిక్ ఆటలు జరిగినప్పుడు ఈ యెరలు పరదేశస్థుల కంటబడెను. 1959లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమునకు చెందిన రాన్ వెబర్ దీనిని చూచి, రే ఆస్ట్రమ్ అను స్నేహితునితో కలిసి దిగుమతి చేయ నారంభించెను. 1962 ఆగస్టులో లైఫ్ పత్రిక ఈ యెరను గూర్చి వ్యాసము ప్రకటించెను. నటి మెరిలిన్ మన్రో మరణమును గూర్చిన సంచికయే అదియగుటచే అసంఖ్యాకులు ఆ పత్రికను చదివిరి. వచ్చిన ఆర్డర్లు ఆ కుటుంబపు శక్తికి మించిపోయెను. ఇంటిపని కర్మాగారపు పని యాయెను.

ఇచ్చట విద్యార్థులు ఒక విషయమును గమనింపవలయును. అమెరికావారికి ఈ ఫిన్లాండు ఎర విదేశపు సరకే. కాని వారు దానిని చౌకయని కొనలేదు, చక్కగా ఊగునని కొనిరి. విదేశపు సరకు రెండు కారణములచేత రావచ్చును: తక్కువ ధరచేత, లేక ఎక్కువ నేర్పుచేత. ఈ రెంటిని కలిపివేసి మాటలాడుట పొరపాటు. జపాను దేశమునందలి హమామాత్సు పట్టణపు మెగాబాస్ ఎరలు నేటికిని అమెరికాలో హెచ్చు ధరకే అమ్ముడుపోవుచున్నవి. ఆ దేశముననే హ్యోగో రాష్ట్రమున చుట్టెడు బాన్షూ ఈకలయీగలను 1987లో ప్రభుత్వము సంప్రదాయ హస్తకళగా గుర్తించెను. కూలి ఎక్కువైన దేశమున చేతిపని నిలువవలెనన్నచో దానికి ఇట్టి నేర్పును, ఆ నేర్పునకు తగిన ధర ఇచ్చువారును కావలయును.

అయితే రాపలా సంస్థయు కూలిలెక్కను తప్పించుకొనలేదు. కొన్ని యెరల పెట్టెలపై ఐర్లండు అను పేరు కనబడసాగెను. తరువాత ఎస్తోనియా అను పేరు వచ్చెను. ఎస్తోనియాలోని పార్నూ పట్టణము ఫిన్లాండునకు సముద్రశాఖ ఆవలనే యున్నది, కూలి తక్కువ. 2000లో ఆ సంస్థ ఫ్రాన్సునందలి వి.ఎం.సి. గాలముల కర్మాగారమును కొనెను. పిమ్మట చైనాలో ఎరల నిర్మాణమును సాగించెను. చైనాలో కూలి పెరిగినకొలది ఆ పని ఇండోనేషియాలోని బాతామ్ ద్వీపమునకు మరలెను. తక్కువ కూలికై బయలుదేరిన పని ఒకచోట కుదురుకొనదని దీనివలన మనకు తెలియుచున్నది. వెళ్లినచోట పని పెరిగి, కూలి పెరిగి, మరల ప్రయాణము మొదలగును.

4. ధర వేఱు, వ్యయము వేఱు

ఇప్పుడు ఒక లెక్క వేయుదము. అమెరికాలో ఒక చిన్న వర్తకుడు క్రొత్తరకపు గట్టి ప్లాస్టికు చేపలు 10,000 చేయింపగోరెననుకొందము. డాలర్లను విడిచి, సులభత కొఱకు రూపాయలలో చెప్పుదుము. ఈ అంకెలు పాఠము కొఱకు మేము ఊహించినవే. నిజమైన ఏ సంస్థ లెక్కయు కాదు.

స్వదేశమున చేసినచో ఒక యెరకు:
ముడిసరకు, గాలములు: 45 రూపాయలు
కూలి: 80
అచ్చు (మొత్తము 4,00,000 రూపాయలను 10,000 ఎరలకు పంచగా): 40
అద్దె, విద్యుత్తు: 20
పాడైనవాని నష్టము: 5
మొత్తము: 190 రూపాయలు

విదేశపు కర్మాగారము ఒక యెరకు 95 రూపాయలు అడిగెననుకొందము. వర్తకుడు 190నుండి 95 తీసివేసి, "సగమునకు సగము మిగిలినది" అని సంతోషించును. కాని సరకు ఇంకను అచ్చటనే యున్నది. అది ఇతని దుకాణమునకు చేరువరకు వ్రాయవలసిన లెక్క యిది:

కర్మాగారపు ధర: 95 రూపాయలు
అచ్చు (1,50,000 రూపాయలను 10,000 ఎరలకు పంచగా): 15
ఓడకూలి, భీమా: 8
దిగుమతి సుంకము నూటికి 9 చొప్పున: సుమారు 9
మచ్చుల పరీక్ష, మనుష్యుల రాకపోకలు: 10
పాడైనవాని నష్టము: 5
ముందుగా చెల్లించిన సొమ్ముపై వడ్డీ: 4
మొత్తము: 146 రూపాయలు

కావున నిజమైన మిగులు 95 రూపాయలు కాదు. 44 రూపాయలు మాత్రమే. అయినను 44 రూపాయలు మిగులే గదా, విదేశపు పనియే లాభము గదా యని కొందఱు అడుగవచ్చును. నిజమే, పదివేల యెరలును అమ్ముడుపోయినచో అట్లే అగును.

ఇచ్చటనే అసలు చిక్కు కలదు. దూరపు కర్మాగారము వందకును రెండువందలకును యంత్రము తిప్పదు. ఇన్నివేలకు తగ్గరాదను కనీసపు ఆర్డరు పెట్టును. సరకు చేరుటకు నెలలు పట్టును. ఆ లోపల చేపలవేటగాండ్ర ఇష్టము మాఱవచ్చును, వేటకాలము గడచిపోవచ్చును. 10,000 ఎరలు తెప్పించిన వర్తకుడు 6,000 మాత్రమే అమ్మగలిగెననుకొందము. అతడు వెచ్చించినది 14,60,000 రూపాయలు. దానిని అమ్మిన 6,000 ఎరలకు పంచినచో ఒక్కొక్కదానికి 243 రూపాయలగును. స్వదేశమున చేయువాడు అమ్మకమును చూచుకొనుచు కొన్ని వందల చొప్పున చేసి 6,000 దగ్గఱ ఆపివేయును. అతని అచ్చు ఖర్చు ఎరకు 67 రూపాయలకు పెరుగును. మిగిలిన 150 రూపాయలలో మార్పులేదు. మొత్తము 217 రూపాయలు. 44 రూపాయలు చౌకయైన సరకు ఇప్పుడు 26 రూపాయలు ప్రియమైనది. ధర మాఱలేదు, కూలి మాఱలేదు. అమ్మకము మాత్రమే మాఱినది.

ఇది రెండవ సూత్రము. దూరపు పనికి చెల్లించు వ్యయములో అనిశ్చయము గూడ ఒక భాగము. దానిని ఏ బిల్లులోను వ్రాయరు. గోదాములో మిగిలిన పెట్టెలే దాని బిల్లు. కావున ఏటేట తప్పక అమ్ముడుపోవు పాతరకములకు దూరపు పని అనుకూలించును. క్రొత్తగా పరీక్షింపవలసిన రకములకును, కొలదిగా అమ్ముడుపోవు రకములకును దగ్గఱపని అనుకూలించును.

5. పన్నుల మాట

ఈ లెక్కలో ప్రభుత్వపు చేయి రెండుచోట్ల కనబడును. మొదటిది దిగుమతి సుంకము. అమెరికాలో బొమ్మయెరలపై సామాన్యపు సుంకము నూటికి 9 వంతులు. కొన్ని కాలములలో కొన్ని దేశముల సరకుపై అదనపు సుంకములును పడును. సుంకము స్వదేశపు పనివానికి కొంత రక్షణ నిచ్చును. కాని అతడు వాడెడు గాలములు, ఉంగరములు విదేశమునుండి వచ్చునవియైనచో ఆ సుంకము అతనికిని తగులును.

రెండవది ఎక్సైజు పన్ను. 1950లో అమెరికా శాసనసభ డింగెల్, జాన్సన్ అను సభ్యుల పేర ప్రసిద్ధమైన చట్టమును చేసెను. దాని ప్రకారము బొమ్మయెరలు, గాలపు కఱ్ఱలు మొదలగువాని అమ్మకముపై వచ్చు పన్ను సొమ్మును చేపల సంరక్షణకొఱకు రాష్ట్రములకు పంచిపెట్టుదురు. బొమ్మయెరలపై ఈ పన్ను నూటికి 10. స్వదేశపు నిర్మాతయు చెల్లించును, దిగుమతి చేయువాడును చెల్లించును. కావుననే మేము పై రెండు లెక్కలలోను దానిని చేర్చలేదు. చేపలను పట్టువాని సొమ్మే చేపలను పెంచుటకు పోవు ఈ యేర్పాటు మెచ్చదగినది.

అయితే కొనువాడే సముద్రమునకు ఆవలనున్న అంగడినుండి టపాలో తెప్పించుకొనినచో ఈ పన్ను తఱచుగా వసూలు కాదు. 2016 మొదలు 800 డాలర్లవరకు విలువగల చిన్న కట్టలు సుంకము లేకయే అమెరికాలో ప్రవేశించుచుండెను. 2025 ఆగస్టు 29నుండి ఆ వెసులుబాటును అన్ని దేశముల సరకునకు నిలిపివేసిరి. ఇట్లు వచ్చిన ఎర చౌకగా కనబడుటకు కర్మాగారపు నేర్పు మాత్రమే కారణము కాదు; సరస్సులోని చేపలకు చేరవలసిన పైకము చేరకపోవుటయు ఒక కారణము. ఎవరో ఒకరు ఆ వ్యయమును భరింపక తప్పదు.

6. లెక్కపుస్తకమున చేరని వ్యయములు

కొన్ని వ్యయములు అంకెలకు లొంగవు. అందుచేత అవి లేవనుకొనరాదు.

మొదటిది జ్ఞానము. ఎర చెక్కువాడు నీటిప్రక్కన నున్నప్పుడు ఉదయము చేసిన తప్పును సాయంత్రము దిద్దుకొనును. మూతిరేకు కోణము కొంచెము మాఱినచో ఎర ఊగుట మానివేయును, లేదా వెల్లకిల పడును. ఈ సంగతి కాగితముమీద వ్రాసి దూరదేశమునకు పంపి, మచ్చు వచ్చువరకు కనిపెట్టుకొని, మరల వ్రాసి పంపుటలో వారములు గడచును. ఏండ్లకొలది పని దూరమున నడచినచో నేర్పుకూడ అచ్చటికే చేరును. చైనాలోని వెయిహాయి పట్టణము నేడు గాలపు కఱ్ఱల నిర్మాణమునకు ప్రపంచప్రసిద్ధము. ఇట్టి పట్టణములలో నేర్చుకొనినవారు ఇప్పుడు తమ సొంత పేరుతోనే సరకు చేయుచున్నారు. పనిని పంపినవాడు కూలిని మాత్రమే పంపితిననుకొనును. పాఠశాలనుకూడ పంపినట్లు తరువాత తెలియును.

రెండవది అచ్చు. అచ్చు ఎవరి గదిలోనున్నదో రూపము వారి చేతిలో నున్నట్లే. మంచి యెరకు కొద్దికాలములోనే నకలు బయలుదేరుట ఈ వ్యాపారములో సామాన్యము.

మూడవది మనుష్యులు. కర్మాగారము మూతపడిన చిన్న పట్టణములో పనివారితోపాటు పెట్టెలు చేయువాడు, బండి తోలువాడు, కూరగాయలమ్మువాడు గూడ నష్టపడుదురు. అయితే న్యాయముగా చెప్పవలెనన్న, ఆవలి ఒడ్డునను మనుష్యులే కలరు. అచ్చట బొమ్మచేపకు కన్ను దిద్దుచున్న స్త్రీకి ఆ పని ఆమె బిడ్డల అన్నము, వారి బడిజీతము. ఆమె చౌకగా పనిచేయుట ఆమె దోషము కాదు. ఆమె కూలి పెరుగుట లోకమునకు కీడును కాదు. స్వదేశపు పనిని ప్రేమించుట మంచిదే. పరదేశపు పనివారిని ద్వేషించుట దానికి అవసరము కాదు.

7. సారాంశము

స్వదేశపు పని ఎల్లప్పుడు ప్రియమనుటయు, విదేశపు పని ఎల్లప్పుడు చౌకయనుటయు సరికాదు. మూడు ప్రశ్నలు అడిగి లెక్క తేల్చవలయును. ఈ వస్తువులో చేతిపని ఎంతభాగము? ఇంటికి చేరువరకు, అమ్ముడుపోవువరకు అయ్యెడు వ్యయమెంత? ఆ వ్యయములో మనము కాక ఇతరులు భరించుచున్నది ఎంత? ఈ ప్రశ్నలు ఎరలకు మాత్రమే కాదు, బొమ్మలకు, బట్టలకు, బుట్టలకు, చెప్పులకు గూడ చెల్లును. వేటచేప మెఱుపును చూచి, వెనుకనున్న గాలమును చూడక మోసపోవును. ధరను చూచి వ్యయమును చూడని వర్తకుని గతియు అట్టిదే.

అభ్యాసములు

1. నాలుగవ భాగములోని లెక్కప్రకారము, వర్తకుడు విదేశమునుండి 10,000 ఎరలు తెప్పించెను. వానిలో ఎన్ని అమ్ముడుపోయినచో స్వదేశపు వ్యయమును విదేశపు వ్యయమును సమానమగును? (జవాబు: సుమారు 7,067.)

2. విదేశపు కర్మాగారములో కూలి పెరిగి, ఎర ధర 95నుండి 125 రూపాయలకు ఎక్కెను. సుంకము 11 రూపాయలాయెను. తక్కినవి మాఱలేదు. 10,000 ఎరలును అమ్ముడుపోయినచో ఎరకు ఎంత మిగులును? (జవాబు: 12 రూపాయలు.)

3. స్వదేశపు నిర్మాత 2,00,000 రూపాయలతో రంగువేయు యంత్రమును కొని, ఎరకు అగు కూలిని 80నుండి 50 రూపాయలకు తగ్గించెను. 10,000 ఎరలు చేసినచో ఎరకు వ్యయమెంత? అదే అచ్చుతోను యంత్రముతోను 20,000 చేసినచో ఎంత? (జవాబులు: 180 రూపాయలు, 150 రూపాయలు.)

4. మీ ఊరిలో చేయు ఒక వస్తువును ఎన్నుకొని, దానిని చేయువారిని అడిగి, ముడిసరకు, కూలి, పనిముట్లు, పాడైనవాని నష్టము అను నాలుగు వరుసలలో లెక్క వ్రాయుడు. అందులో చేతిభాగము ఎంతో తెలిపి, ఆ పని మీ ఊరిలో నిలుచుటకు ఏమి కావలయునో పది పంక్తులలో వ్రాయుడు. ఈ ప్రశ్నకు జవాబు మావద్ద లేదు, మీరే తేవలయును.